ఇంజన్ చల్లారే దాకా

"ఇంజన్ చల్లారాలె, గంట పడ్తది. చల్లారినంక ఇంకొక్కసారి ఇంట. గప్పుడు చెప్త," అన్నాడు బీరయ్య, అని షోరూములో గోడవారనున్న బెంచీ మీద కూలబడ్డాడు. అందులో అబద్ధమేమీ లేదు. వేడి మీదున్న ఇంజన్ మాట నమ్మకూడదని ఏ మిస్త్రీని అడిగినా చెబుతాడు. ఇనుము ఉబ్బుతుంది, సందులు పూడుకుంటాయి, లోపల ఏ పిస్టన్ వదులుగా ఉన్నా ఆ పూటకి పెద్దమనిషిలా నడుచుకుంటుంది. చల్లారాక మొదటిసారి తిప్పినప్పుడు, నూనె ఇంకా అడుగునే ఉండగా, ఆ రెండు మూడు నిమిషాలు మాత్రం దానికి దాచుకోవడం చేతకాదు. కానీ బీరయ్య గంట అడిగింది అందుకు కాదు. పొద్దున ఆబిడ్స్‌లో బయల్దేరి, గన్‌ఫౌండ్రీ చుట్టూ తిరిగి, నాంపల్లి స్టేషన్ దాకా పోయి వచ్చిన ఆ అరగంటలో, కొత్త నీలం పికప్ ముందు సీట్లో చెల్లెలు జంగమ్మకీ, బండ్లు అమ్మే జనార్దన్‌కీ మధ్య ఇరుక్కుని కూచున్న ఆ అరగంటలో, అతనికి ఇంజన్ చప్పుడే వినబడలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. అందుకని గంట అడిగాడు.

పైన ఫ్యాను తిరుగుతోంది, తిరుగుతున్నట్టు కనబడుతోంది. అద్దాల అవతల ఆబిడ్స్ రోడ్డు మీద రిక్షాలు, టాంగాలు, ఎండలో పెద్ద పోస్టాఫీసు వైపు గొడుగేసుకుని పోతున్న ఒక గుమాస్తా, అన్నీ ఉన్నాయి, చప్పుడు మాత్రం ఎవరో మూటగట్టి తీసుకుపోయినట్టు లేదు. ఇటు చూస్తే రెండు బండ్లు. గుమ్మం దగ్గర నీలంది, ఈ ఏడే వచ్చిన కొత్త మోడల్, ఇంకా బానెట్ మీద వేడి తేలుతోంది. వెనక మూలన ఆకుపచ్చది, పాత మోడల్‌లో మిగిలిపోయిన ఆఖరి బండి, అదీ కొత్తదే, కానీ మీద దుమ్ము పట్టి ఉంది, ఎవడూ అడగడం లేదు. ఆకుపచ్చదానికి ఆరు సిలిండర్లు, అంతెత్తు ఇనప ముద్ద, పెట్రోలు నీళ్లలా తాగుతుంది. నీలందానికి నాలుగే. సగం ఇంజన్, బలం మాత్రం అంతే, తాగేది తక్కువ, అంటాడు జనార్దన్, అంటూ బొమ్మలున్న కాగితం చూపిస్తాడు. సగం ఇంజన్‌కి అంత బలం ఎక్కడిదయ్యా? ఎక్కడో ఒక చోట అది రెట్టింపు తిరగాలి గదా, రెట్టింపు తిరిగింది రెట్టింపు అరగాలి గదా? అరగదట. కొత్త రకం ఇనుమట. ఈ నగరానికి ఆ ఇంజన్ వచ్చి ఆరు నెలలు కాలేదు, ఒక్కటీ ఇంకా రిపేరు షెడ్డుకి రాలేదు, ఒక్కదాని కడుపూ ఇంకా ఎవరూ విప్పి చూడలేదు. ఐదేళ్లకెట్లా ఉంటుంది, ఎనిమిదేళ్లకెట్లా ఉంటుంది, ఎవడికి తెలుసు? కంపెనీకే తెలియదు. గ్యారంటీ ఉంది మిస్త్రీ సాబ్, మీకేం ఫికర్ వద్దు, అన్నాడు జనార్దన్, మూడు నెలల గ్యారంటీ. పాపం మంచివాడే, తెల్లటి చొక్కా, పెదవులు బాగా కదిలిస్తాడు, అతని మాటలు సులువుగా అందుతాయి.

జంగమ్మవి అందవు. తమలపాకు నములుతూ మాట్లాడుతుంది, అటు తిరిగి మాట్లాడుతుంది, నడుస్తూ మాట్లాడుతుంది. చిన్నప్పుడూ అంతే, గొర్ల మందలో ఈ చివర తనుంటే ఆ చివర నుంచి అరిచేది. మొగుడు పోయి తొమ్మిదేళ్లు, రజాకార్ల రోజుల్లో ఊరు ఊరంతా పొలాల్లోకి పారిపోతే బర్లను విప్పుకుని తోలుకుపోయింది తప్ప ఒక్కదాన్నీ వదల్లేదు. ఆ బర్లను ఇప్పుడు అమ్మేసింది, పన్నెండింటిలో తొమ్మిది. శంషాబాద్ పక్క నాలుగు పల్లెల్లో నలభై ఇళ్లవాళ్లని కూడగట్టింది, మీ పాలు మీ గుమ్మంలోనే కొలుచుకుంటా, తెల్లారేసరికి నాంపల్లికి చేరుస్తా అని మాటిచ్చింది. ఇన్నాళ్లూ ఎడ్లబండి మీద వచ్చేవి పాలు, ఎండాకాలం సగం విరిగిపోయేవి. పికప్ అయితే గంట. ఆ గంటలో బండి ఎక్కడా ఆగకూడదు, అంతే. ఒక్క రోజు ఆగితే నలభై ఇళ్ల పాలు రోడ్డు పక్కన పారబోయాలి. పది రోజులు షెడ్డులో పడుకుంటే నలభై ఇళ్లవాళ్లూ పాలు కొనే పాత గౌళీల చేతికే పోతారు, మళ్లీ రమ్మంటే రారు, తొమ్మిది బర్లూ తిరిగి రావు. అప్పుడు యాభై ఏళ్లు దాటిన ఆడది ఏం చేయాలి? ఇదంతా జంగమ్మకి తెలుసు, తెలిసే పోయిన నెల ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని అన్నం ముందు కూచుని, "అన్నా, నాకు బొమ్మల కాయితం వద్దు, ఎవ్వని మాట వద్దు. నువ్వు చెవి పెట్టి ఇను. నువ్వు ఔనంటె ఔను, కాదంటె కాదు," అంది. అది మాత్రం ఎదురుగా కూచుని అంది, ప్రతి మాటా అందింది. అప్పుడైనా చెప్పొచ్చు గదా. సన్నాసి. అన్నం కలుపుకుంటూ తలూపాడు.

తలూపడం బాగా అలవాటైపోయింది. రెండేళ్లు. ఎడమ చెవి ముందు పోయింది, అప్పుడు భయం వేయలేదు, కుడిది ఉంది గదా అనుకున్నాడు. కుడిదీ నెమ్మదిగా, సాయంత్రం వెలుతురు పోయినట్టు పోయింది. చిన్నప్పటి నుంచీ చెవులు కారేవి, షెడ్డులో అందరికీ చెవిపోటే, అందరిదీ ఒకటే మందు: నూనె డబ్బా మూతి చెవికి పెట్టి రెండు చుక్కలు. ఇంజన్‌కి పోస్తే చప్పుడు తగ్గుతుంది గదా, చెవికి పోస్తే పోటు తగ్గదా అనేవాళ్లు, నవ్వుకుంటూ పోసుకునేవాళ్లు. బాగా తగ్గింది. మొత్తమే తగ్గింది. దవాఖానలో డాక్టరు లోపలికి దీపం వేసి చూసి, రెండు పొరలూ చిల్లులే అని కాగితం మీద రాసిచ్చాడు, చెబితే వినబడదని తెలిసి రాసిచ్చాడు. ఆ కాగితం ఇంటికి పోకముందే చింపేశాడు బీరయ్య. భార్య పూలమ్మకి చెప్పలేదు. పూలమ్మ అడగలేదు. కానీ ఈ మధ్య ఆమె ఏదైనా చెప్పే ముందు భుజం మీద చెయ్యి వేస్తోంది, ముప్పై ఏళ్ల కాపురంలో ఎన్నడూ లేనిది. ఎదురుగా వచ్చి, దీపం తన మొహం మీద పడేట్టు నిలబడి మాట్లాడుతోంది. ఆమెకి తెలుసా? తెలిసే ఊరుకుందా? ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టు ఒకే ఇంట్లో తిరుగుతున్నారు. ఎంత అలసటగా ఉందో ఈ దాచడం, లారీ విప్పి బిగించినా ఇంత ఒళ్లు నొప్పి ఉండదు. షెడ్డులో పనివాళ్ల మొహాలు చూసి, వాళ్ల కనుబొమలు చూసి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి వణుకు చూసి నెట్టుకొస్తున్నాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిపోయింది.

పదోసారి డ్రైవరు బిచ్చయ్యది. వద్దనుకున్నా వస్తాడు బిచ్చయ్య, ఈ బెంచీ మీద ఎటు ఒరిగినా వస్తాడు. పోయినేడాది అతనొక సెకండ్ హ్యాండ్ లారీ చూసి, కొనే ముందు షెడ్డుకి తెచ్చాడు. మిస్త్రీ, జర ఇను, నీ మాట మీదనే కొంటున్న. బీరయ్య ఇంజన్ వినే కట్టె తీసి, ఒక కొస ఇంజన్‌కి, ఒక కొస చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, చుట్టూ నలుగురు ఊపిరి బిగబట్టి చూస్తుండగా, ఏమీ వినలేదు. నిశ్శబ్దం. అంత నున్నటి ఇంజన్ ఎన్నడూ వినలేదనుకున్నాడు, అనుకోవాలని అనుకున్నాడు. మంచిగున్నది, కొను. నాలుగు నెలలకి షాద్‌నగర్ దాటాక లోపలి రాడ్డు విరిగి, బ్లాకు పొడుచుకుని బయటికొచ్చింది. అది ఒక రోజులో విరిగేది కాదు. దాని బేరింగు నెలల తరబడి టకటకమని మొత్తుకునే ఉంటుంది, చెవులున్న ఏ క్లీనరైనా వినేవాడు, ఆనాడు షెడ్డులో నిలబడ్డ నలుగురికీ వినబడే ఉంటుంది, కానీ బీరయ్య మిస్త్రీ కళ్లు మూసుకుని మంచిగున్నది అన్నాక ఎవడు నోరు విప్పుతాడు? లారీ తుక్కుకి పోయింది. బిచ్చయ్య ఇప్పుడు నాంపల్లి స్టేషన్లో మూటలు మోస్తున్నాడు. పొద్దున అక్కడ బండి తిప్పుతుంటే కనబడ్డాడు, తల మీద ఇనప ట్రంకు, మెడ నరాలు లేచి, అయినా బండి పక్కకొచ్చి నవ్వాడు. "కొత్త బండా మిస్త్రీ? మంచిగ చూడు. నా దానికి నీ తప్పేమున్నది, ఇనుము గదా, ఎప్పుడు ఇరుగుతదో ఎవ్వనికి ఎరుక," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. కాలర్ పట్టుకుని కిందికి లాగి ఉంటే ఇంకా బాగుండేది. ఆ మాట అందకపోయినా బాగుండేది, కానీ ఎదురుగా నిలబడి అన్నాడు, చెమట కారుతున్న ఆ పెదవుల మీద ప్రతి అక్షరం చదవాల్సి వచ్చింది.

కట్టె ఒళ్లో ఉంది. మూరెడు టేకు కట్టె, చేతి నూనె తాగి తాగి నల్లబడింది, రెండు కొసలూ అరిగాయి, ఒక కొసన ఏవో గాట్లు. పని నేర్పిన ఉస్తాద్‌ది. యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరకక బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు కట్టినప్పుడు, బొగ్గు పొగ మీద ఇంజన్లు నడిపించినప్పుడు, తెల్లవారుజామునే లేచి ఇద్దరూ పొయ్యి రాజేసేవాళ్లు, బీరయ్య గాలి చక్రం తిప్పుతుంటే ఉస్తాద్ దగ్గుతూ బొగ్గు పోసేవాడు. బూడిద సిలిండర్లలోకి పోయి ఏడాదికే ఇంజన్ల గోడలు గీసుకుపోయేవి. అప్పుడూ ఇట్లాగే అన్నారు, ఏం కాదు, కొత్త పద్ధతి, ఐదేళ్లు చెక్కు చెదరవు అని. ఐదేళ్లు! ఉస్తాద్ ఒక్కడే నమ్మలేదు. రోజూ ఇంజన్ ఇంజన్‌కీ కట్టె పెట్టి చూసేవాడు. ఆఖరి రోజుల్లో కట్టెను చెవికి కాదు, పంటి కింద పెట్టుకునేవాడు, కొస కొరికి పట్టి, కళ్లు మూసుకుని. పనివాళ్లు చాటుగా నవ్వేవాళ్లు, ఉస్తాద్ ఇంజన్ తింటున్నడ్రా అని, చీపురు పుల్లలు నోట్లో పెట్టుకుని ఆయనలా నడిచి చూపించేవాళ్లు. బీరయ్య కూడా నవ్వాడు. ఎన్నిసార్లు నవ్వాడు! ఒకసారి అడిగాడు కూడా, పండ్లతోని ఇంటవా ఉస్తాద్? ఆయన జవాబివ్వలేదు, అటు తిరిగి పని చేసుకుంటున్నాడు. అటు తిరిగి ఉన్నాడు. వెనక నుంచి పిలిస్తే ఆయన ఎన్నడు పలికాడు? అందరూ పొగరనుకున్నారు. భుజం తట్టే దాకా తిరిగేవాడు కాదు. రెండు చుక్కల నూనె ఆయనే గదా నేర్పింది, ముందు తన చెవిలోనే గదా పోసుకునేవాడు. అయ్యో ఉస్తాద్. అయ్యో, ఇన్నేళ్లకా అర్థం కావడం. బెంచీ మీద కూచున్న బీరయ్య, జనార్దన్ చూస్తున్నాడేమోనని పంచె అంచుతో మొహం తుడుచుకున్నాడు, చెమట అన్నట్టు.

భుజం మీద చెయ్యి పడింది. జంగమ్మ. ఈలోగా నాంపల్లి దర్గాకి పోయి వచ్చింది, మొక్కు మొక్కింది, కొంగులో గులాబీలు, మూడు నిమ్మకాయలు, కాసింత ఊదు పొట్లం. గంట అయిపోయిందా? ఆమె పెదవులు కదిలాయి, చల్లారిందా అనే అయి ఉంటుంది, బీరయ్య లేచి నీలం బానెట్ మీద చెయ్యి పెట్టాడు. చల్లారింది. జనార్దన్ సీట్లో కూచుని తిప్పాడు, బండి ఉన్నచోటే ఒక్కసారి ఒళ్లు విరుచుకుంది, గాజు తలుపులు అదరడం కనబడింది. బీరయ్య బానెట్ ఎత్తి కట్టె ఒక కొస ఇంజన్ తల మీద పెట్టాడు, రెండోది చెవికి ఆనించాడు, అలవాటుగా. ఏమీ లేదు. జంగమ్మ అతని మొహంలోకే చూస్తోంది, బర్రె ఈనేటప్పుడు చూసే చూపు. తలూపితే చాలు, అందరూ సంతోషిస్తారు, నిమ్మకాయలు చక్రాల కింద పెడతారు, బండి ఇంటికి పోతుంది. ఒక్క తల ఊపు. మెడ అప్పుడే సగం వంగింది కూడా. నాంపల్లిలో ట్రంకు కింద లేచిన నరాలు కళ్ల ముందుకొచ్చాయి. బీరయ్య కట్టెను చెవి దగ్గర నుంచి తీశాడు, పంచెకి తుడిచాడు, నోట్లో పెట్టుకుని కొరికి పట్టాడు.

వచ్చింది. దవడలోంచి, చెంప ఎముకలోంచి, పుర్రె అంతా నిండిపోయింది. వాల్వుల్ని తట్టే టాపెట్లు, ఎనిమిదీ, ఒక్కొక్కటే. కింద నూనె పంపు గురగుర. గొలుసు బిగువుగా తిరుగుతున్న రాపిడి. మూడో సిలిండరు దగ్గర ఒక టాపెట్ వెంట్రుకవాసి ఆలస్యంగా కొడుతోంది, అది పెద్ద సంగతి కాదు, ఒక రెంచీ తిప్పితే పోతుంది. రెండేళ్లయింది ఏ చప్పుడైనా ఇట్లా లోపలికొచ్చి. వదలబుద్ధి కాలేదు. పండ్లు జివ్వుమంటున్నా వదల్లేదు, నూనె వాసన, టేకు చేదు, ఉస్తాద్ పళ్ల గాట్లు నాలుకకి తగులుతున్నాయి, కళ్ల నీళ్లు కారుతున్నాయి, చూసేవాళ్లు ఏమనుకుంటే అనుకోనీ.

కట్టె తీసి జంగమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, ఇయ్యాల ఇది మంచిగున్నది. ఐదేండ్లకు ఎట్లుంటదో నాకు తెల్వదు. దీని కడుపుల నేనెన్నడు చెయ్యి పెట్టలే," అన్నాడు. నాకు తెల్వదు అనే మాట ముప్పై ఏళ్లలో ఏ బండి ముందరా నిలబడి అనలేదు, అని చూస్తే నోటికి అంత బరువేం లేదు. జనార్దన్ ఏదో అనబోయాడు, జంగమ్మ చెయ్యి ఎత్తి ఆపింది. తమలపాకు పక్కకి ఊసి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నడిరోడ్డు మీద ఆగితే ఏ బండిని నువ్వు అప్పటికప్పుడు బాగుచేస్తవు?"

"ఆకుపచ్చది. గసొంటి ఇంజన్లు నూరు ఇప్పిన. కండ్లు మూసుకుని ఇప్పుత, చెవులు లేకున్న ఇప్పుత."

అన్నాక తెలిసింది ఏమన్నాడో. జంగమ్మ కదల్లేదు. అతని చెవుల వైపు చూసింది, చేతిలో తడి కట్టె వైపు చూసింది. బర్రె కడుపు మీద చెవి పెట్టి లోపలి దూడ సంగతి చెప్పే మనిషి ఆమె, ఎంతసేపు పడుతుంది.

"ఎన్నాళ్ల సంది?" పెదవులు నెమ్మదిగా కదిలాయి.

"రెండేండ్లు."

ఆమె వేళ్లు కదిలాయి, ఏడాదులు లెక్కబెట్టుకుంటున్నట్టు. ఆ వేళ్లు ఆగిన చోటు చూసి బీరయ్యకి తలదించుకోవాలనిపించింది, కానీ దించుకుంటే ఆమె మాట అందదు, దించుకోలేదు. "బిచ్చయ్య లారీ," అంది జంగమ్మ. అడగలేదు, అంది.

"ఔ."

జనార్దన్ ఇంజన్ ఆపేసినట్టున్నాడు, తలుపు అద్దాలు నిలిచిపోయాయి. జంగమ్మ పోయి ఆకుపచ్చ బండి బానెట్ మీది దుమ్ములో వేలితో ఒక గీత గీసింది, వచ్చి బీరయ్య లేచిన బెంచీ మీదే కూచుంది, గులాబీలు, నిమ్మకాయలు ఒళ్లో పెట్టుకుంది. "గదే కొంట. గని ఇప్పుడు కాదు," అంది, ప్రతి మాటా విడివిడిగా. "పాలబండికి సప్పుడు ఇనే డ్రైవర్ కావాలె గద. బిచ్చయ్యకు మోటరు చేత అయితది. నువ్వు పోయి తోలుకరా. నాంపల్లి ఎంత దూరం? ఊకె రమ్మనకు. ముందుగాల ఉన్న మాట చెప్పి, అటెనుక అడుగు. ఆయన ఒప్పుకుంటెనే నిమ్మకాయలు పెడ్త. ఒప్పుకోకపోతె నువ్వు రా, నేను గీడనే ఉంట." కోపంగా ఉందా, జాలిగా ఉందా ఆ మొహం? రెండూ కావు. పొద్దున నాలుగింటికి లేచి పాలు పితికిన మనిషి మొహం, అంతే, అలసిపోయి ఉంది.

నాంపల్లి దూరమేమీ కాదు. ఎండలో, గోడల వార నడిచాడు, వెనక ఏ బండి వస్తోందో తెలియదు గనక ఈ రెండేళ్లూ అట్లాగే నడుస్తున్నాడు. ఏమని మొదలుపెట్టాలి? ఉస్తాద్ సంగతి చెప్పాలా, నూనె చుక్కల సంగతి చెప్పాలా? అవన్నీ సాకులు. అతని లారీకి సాకులు వద్దు. మోస్తున్న మూట దింపనిచ్చి చెప్పాలి. ఒకవేళ స్టేషన్లో లేకపోతే బాగుండు అని ఒక అడుగు, ఉండాలి దేవుడా అని ఒక అడుగు. ఉన్నాడు. టాంగాల పక్కన చెట్టు నీడన తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటున్నాడు. బీరయ్య చేతిలో కట్టె చూసి నవ్వాడు, ఏంది మిస్త్రీ, ఇంజన్ యాడున్నది అన్నాయి పెదవులు.

బీరయ్య దగ్గరికి పోయి ఎదురుగా నిలబడ్డాడు, అతని మొహం మీద వెలుతురు పడేట్టు. "బిచ్చయ్యా," అన్నాడు, "ఆనాడు నీ లారీ సప్పుడు నాకు ఇనబడలే. నాకు చెవులు లేకుండె. లేకున్నగని మంచిగున్నది అన్న." తన గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అతనికి తెలియదు, టాంగావాళ్లు తలలు తిప్పి చూశారు. బిచ్చయ్య నవ్వు పోయింది. తలగుడ్డ మెడ మీదనే ఆగింది. పెదవులు కదల్లేదు. అవి ఎప్పుడు కదులుతాయో, ఏమంటాయో, ఏదన్నా సరే ఒక్క మాట కూడా తప్పిపోకూడదని, బీరయ్య రెప్ప వేయకుండా వాటి వైపే చూస్తూ నిలబడ్డాడు.